నేను రుద్దిన ఇత్తడి బిళ్ల

నా చిన్నప్పుడు మా గొర్రెల దొడ్డి పక్కన ఇంగ్లండు కారు ఉండేదంటే మా ఇంట్లో పిల్లోళ్లు ఒకటే నవ్వు. మొన్న మనమడు ఫోన్లో అట్లాంటి కారే అమ్మకానికి పెట్టినారని బొమ్మ చూపించినాడు. పైకప్పు లేదు, రెండే సీట్లు, ముందర కప్పకండ్ల మాదిరి రెండు లైట్లు.

మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, రైల్వే దొర దగ్గర డ్రైవరు. దొర దేశం విడిచి పోతా పోతా ఆ కారును ఈయనకు ఇచ్చిపోయినాడంట. ఇంజను చెడిపోతే జీపుది తెచ్చి బిగించినాడు. తర్వాత అదీ మూలబడింది. అయినా పొద్దున్నే కారు మీది దుమ్ము తుడవనిది జేజినాయన కాఫీ తాగేవాడు కాదు.

వరసగా మూడేండ్లు వాన లేదు. శెనక్కాయ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. మేత యాడా దొరకలేదు. మా రెండెద్దులు డొక్కలెగరేసుకుంటా నిలబడినాయి. కారు అమ్ముడుపోతే మేత వస్తాది, లేదంటే ఎద్దులు కటికోళ్లకే అని నాయన తేల్చేసినాడు. జేజినాయన తలూపినాడు. బెంగళూరులో పాత కార్లు కొనే ఆసామికి కబురు పోయింది.

సంతకు తోలే ముందర ఎద్దుకు ఒళ్లు కడిగి కొమ్ములకు రంగేస్తాం గదా. మాకు తెలిసిన అమ్మకం అదే. నాయన ఉప్పుకాగితం తెచ్చి తుప్పు గీకుతాంటే, నేనూ ఒక ముక్క చించుకొని ఇంజను పక్కనున్న ఇత్తడి బిళ్లను పట్టుకున్యా. దాని మీద నల్లగా ఏవో అక్షరాలు, అంకెలు. మురికనుకున్యా. తళతళ మెరిసేదాకా రుద్ది, నా అంత మొనగత్తె లేదని మురిసిపోయినా.

బెంగళూరాయన వచ్చి కారు చుట్టూ తిరిగి, సంబరంగా ఆ బిళ్ల చూడను వంగినాడు. లేచేసరికి మొగం మాడిపోయింది.

"ఇట్లాంటివి లోకంలోనే కొన్నే ఉండాయప్పా. ఆ నంబరుంటేనే ఇది ఆ కారు. లేకుంటే పాతినుము. ఎవరు చెరిపినారు?"

నాయన నా దిక్కు తిరిగినాడు. ఆయన చెయ్యి ఎట్లాంటిదో నా వీపుకు తెలుసు.

"నేనే రుద్దినా. మెరిస్తే బాగుంటాదనుకున్యా" అన్నాడు జేజినాయన.

దినామూ ఆ కారును తుడిచే మనిషికి ఆ బిళ్ల సంగతి తెలీదా! నాయన మాత్రం నమ్మేసినాడు. ముసలోనికి మతి పోయిందని అందరి ముందరా తిట్టినాడు. వారం తిరక్కముందే ఎద్దులు పోయినాయి.

నేను ఏడుస్తా జేజినాయన దగ్గరికి పోతే, తల మీద చెయ్యి పెట్టి, "మీ నాయన కోపం నేనెన్నాళ్లు మొయ్యాల్లేమ్మా, నాలుగునాళ్లు" అన్నాడు. ఆ నాలుగునాళ్లు పన్నెండేండ్లయినాయి. అన్నాళ్లూ, జేజినాయన పోయేదాకా, నాయన ఆయనతో నోరారా ఒక మాట మాట్లాడలేదు. అమ్మ జేజినాయనకు సంగటి పెడితే, నాయన లేచి అవతలికి పోయేవాడు. నేను చూస్తానే ఉన్యా. మొదట్లో భయం, పెద్దయినాక సిగ్గు. పాడునోరు, పెగల్లేదు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లోళ్లు ఏది పగలగొట్టినా నేను అరవను. చెయ్యి పట్టుకొని తోలుకపోయి వాళ్ల నోటితోనే చెప్పిస్తా, పక్కనే నిలబడతా. జేజినాయన నాకు దెబ్బ తప్పించినాడు, నిజమే. తప్పు చెప్పుకునే పని నాకే వదిలిపెట్టినాడు, అది నేను చెయ్యలేదు. ఆఖరి దినాల్లో గూడా నాయన, "మా నాయన ఆ బిళ్ల రుద్దకుంటే ఎద్దులు దక్కేవి" అనేవాడు. కాళ్లు పిసుకుతా విన్యా. ఇప్పుడు చెప్తాండా. వినాల్సిన ఇద్దరూ లేరు.