పదిహేనో అడుగు

మా బాపు పేరు లింగమూర్తి. సూరత్‌లో, గోడాదరా అవతల ఒక కార్ఖానాలో ఇరవై తొమ్మిదేళ్లుగా సాంచాలు నడుపుతున్నాడు. సాంచా అంటే మరమగ్గం. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మావాళ్లూ ఆ మాటే అంటారు, ఇక్కడి గుజరాతీవాళ్లూ దాదాపు అదే అంటారు. ఊరు మారినా మాకు ఆ మాట మారలేదు.

బాపు చేతికింద ఎనిమిది సాంచాలు. అటు నాలుగు, ఇటు నాలుగు, మధ్యలో సందు. పద్నాలుగు అడుగులు వేస్తే గోడ వస్తుంది, తిరిగి పద్నాలుగు వేస్తే తలుపు వస్తుంది. పన్నెండు గంటల పాలిలో, అంటే షిఫ్టులో, ఆయన చేసే ప్రయాణమంతా అదే. ఒకసారి నేను అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టి నా పాత ఫోను ఆయన జేబులో వేసి పంపాను. సాయంత్రానికి పద్దెనిమిది కిలోమీటర్లు చూపించింది. ఆ లెక్కన ఈ మనిషి భూమి చుట్టూ మూడుసార్లకు పైగానే తిరిగాడు. చూసింది మాత్రం ఒక గోడ, ఒక తలుపు. ఆ సంగతి చెబితే నవ్వేసి, ఫోను నా చేతిలో పెట్టి, అన్నం పెట్టమన్నాడు.

కార్ఖానాలో ఎవరూ మాట్లాడుకోరు. ఆ మోతలో మాట పనికిరాదు. చూపుడువేలు, బొటనవేలు కలిపి విడదీస్తే పోగు తెగిందని అర్థం. బొటనవేలు నోటివైపు ఎత్తితే దాహం. మిగతాదంతా పెదాలు చూసి పట్టుకోవడమే. ఇంట్లోనూ మాకు అదే అలవాటు. నేను మాటలు నేర్వకముందే ఆ సైగలు నేర్చానంటుంది అమ్మ. ఆవిడ పేరు సారక్క. బాపుకు వినబడాలని అరిచి అరిచి ఆవిడ గొంతు గట్టిపడిపోయింది. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మొదటి వారం మా ఇంట్లో రోజూ కొట్లాటే అనుకుంటారు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడగడం అది.

అమ్మకు ఇంకో గొంతు కూడా ఉంది. అది బాపు వీపు వెనకాల వాడే గొంతు. ఆయన అటు తిరిగాడంటే చాలు, ఈవిడ మెల్లగా మొదలుపెడుతుంది. ఆయన బీడీలు, ఆయన మొండితనం, ఆయన అక్క, చీరల పోగులు కత్తిరించీ కత్తిరించీ తన కళ్లు మండటం, అన్నీ ఆ వీపుకే చెప్పుకుంటుంది. ఆయనకు ఒక్క ముక్క వినబడదు. చిన్నప్పుడు అది నాకు తమాషాగా ఉండేది. పెద్దయ్యాక ఒళ్లు మండేది. ఉంటే మొహం మీద అడగాలి గానీ, వీపుతో ఏం మాట అని చాలాసార్లు విసుక్కున్నాను.

ఈ ఫిబ్రవరిలో రోడ్డు మీద వెనకనుంచి ఒక టెంపో హారన్ కొట్టుకుంటూ వచ్చింది. వీధంతా పక్కకు జరిగింది, బాపు జరగలేదు. భుజానికి రాసుకుపోయింది. కింద పడలేదు, అది మా అదృష్టం. మరునాడే నేను పట్టుబట్టి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆవిడ లోపల చూసి, ఇప్పుడు పరీక్ష చేసి లాభం లేదంది. ఆయన చెవుల్లో ఇంకా కార్ఖానా మోగుతూనే ఉందట. మూడు రోజులు చప్పుడు లేనిచోట ఉంచి తీసుకురమ్మంది. ఆ మూడు రోజుల్లో తిరిగొచ్చినంతే ఆయన వినికిడి, రానిది ఇక ఎప్పటికీ రాదు అని నిదానంగా చెప్పింది.

బాపుకు సైగలతో చెబితే ఆయన పట్టించుకోనట్టే ఉన్నాడు. "చెవులతోటి నేస్తనా? చేతులతోటి నేస్త" అన్నాడు. అన్నంత తేలిగ్గా లేదని నాకు తెలుసు. ఆ సాయంత్రం టీవీ ముందు కూర్చుని, ధ్వని పెంచమని అడగకుండా, బొమ్మలు మాత్రమే చూశాడు.

సూరత్‌లో మూడు రోజులు చప్పుడు లేకుండా ఉండాలంటే హోలీ సెలవులు తప్ప దారి లేదు. కార్ఖానాలు మూతపడతాయి. మొదటి రెండు రోజులు అమ్మ కిటికీలు బిగించి, ఆయన చెవుల్లో దూది పెట్టి ఇంట్లో కూర్చోబెట్టింది. మూడో రోజు ధులేటీ, అంటే రంగులు చల్లుకునే రోజు. మా సందు మొదట్లోనే డీజే పెట్టెలు దించడం ముందురోజు రాత్రే అమ్మ చూసింది. తెల్లవారకముందే మమ్మల్ని లేపింది. తనతో పోగులు కత్తిరించే రమీలాబెన్ పుట్టిల్లు గణదేవిలో ఉందట, ఎప్పుడైనా రమ్మందట, పదండి అంది. ఉధనాలో రైలెక్కి అమల్‌సాడ్‌లో దిగితే అక్కణ్ణుంచి షటిల్ ఆటోలే ఆటోలు అని చెప్పింది.

అమల్‌సాడ్‌లో దిగాక చూస్తే ఒక్క ఆటో లేదు. ధులేటీ నాడు మధ్యాహ్నం దాకా ఎవడు బండి తీస్తాడు? ఆ సంగతి గుజరాత్‌లో పుట్టి పెరిగిన నాకు తట్టాలి, తట్టలేదు. ఐదారు కిలోమీటర్లు, తోటల్లోంచి నడిచిపొండి అని టీ కొట్టతను చేత్తో చూపించాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆదివారాల్లో కూడా చీరల ఫోటోలు తీసే ఉద్యోగం నాది, దొరికిన ఒక్క సెలవు కాళ్లీడ్చుకోవడానికి పోతుందనుకున్నాను.

స్టేషన్ దాటి, పది ఇళ్లు దాటి, మట్టిదారిలోకి మళ్లాక అమ్మ బాపు చెవుల్లోంచి దూది తీసేసింది. అటు సపోటా చెట్లు, ఇటు మామిడి చెట్లు. రెండువైపులా తాడు పట్టి నాటినట్టు వరుసలు. సపోటాలు ముదురాకుపచ్చ నీడ పరిచి గుంభనంగా ఉన్నాయి. మామిళ్లకు గోళీలంత పిందెలు పడ్డాయి, ఆలస్యంగా పూసిన చెట్లు ఇంకా పూతతో తలలు వంచుకుని ఉన్నాయి. గాలి నిండా ఆ పూత వాసన. కంచె పక్కన ఒక మోదుగ చెట్టు ఆకు అన్నది లేకుండా ఎర్రగా పూసి ఉంది. అమ్మ దాన్ని చూసి ఆగింది. చిన్నప్పుడు హోలీ రంగు ఆ పూలనే ఉడకబెట్టి చేసుకునేవాళ్లమని చెప్పింది. నేను సూరత్‌లో పుట్టి పాతికేళ్లయింది, ఊరికి గంట దూరంలో ఇది ఉందని నాకు తెలియదు.

అప్పుడే బాపు టక్కున నిలబడ్డాడు. తల అటూ ఇటూ తిప్పి వెతుకుతున్నాడు. మొహంలో కంగారు.

"ఏదో ఆగింది, సూడు" అన్నాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. కార్ఖానాలో మోత తగ్గిందంటే ఏదో సాంచా ఆగినట్టు. పోగు తెగి ఉంటుంది, పరుగెత్తాలి. ఇరవై తొమ్మిదేళ్లు నిశ్శబ్దం ఆయనకు నష్టం కబురే తెచ్చింది. ఇప్పుడు చుట్టూ ఇంత నిశ్శబ్దం వచ్చిపడేసరికి, చెట్ల వరుసల్లో ఆగిపోయినదాన్ని వెతుకుతున్నాడు. ఏదీ ఆగలేదని, ఇక్కడ సాంచాలు లేవని అమ్మ గట్టిగా అరిచి చెప్పింది. ఆ అరుపుకు చిలకల గుంపు ఒకటి లేచి పోయింది.

మళ్లీ నడిచాం. బాపు ముందు, మేం వెనక. కుడివైపు ఒక చెట్టును, ఎడమవైపు ఒక చెట్టును చూసుకుంటూ నడుస్తున్నాడు, అన్నీ సరిగా నడుస్తున్నాయా అన్నట్టు. ఉన్నట్టుండి మడమ మీద గిర్రున తిరిగి మాకు ఎదురొచ్చాడు. ఏమైందని అడిగితే ఏం లేదే అన్నాడు. తను వెనక్కి తిరిగినట్టే ఆయనకు తెలియదు. మళ్లీ బయలుదేరాడు. ఈసారి నేను లెక్కపెట్టాను. సరిగ్గా పద్నాలుగో అడుగు దగ్గర మళ్లీ గిర్రున తిరిగాడు.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వు సగంలో ఉండగానే కళ్లలో నీళ్లు వచ్చాయి. అమ్మ నవ్వలేదు. వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకుని, వెనక్కి తిరగబోయిన మనిషిని ముందుకు నడిపించింది. పదిహేనో అడుగు పడింది. పదహారు, పదిహేడు. బాపు కాళ్లవైపు చూసుకున్నాడు, దారివైపు చూశాడు, నావైపు చూశాడు.

"గీ వరుస ఏడ ఒడుస్తది బిడ్డా?"

ఇది అయిపోదని చేత్తో చెప్పాను, గణదేవి దాకా ఇంతేనని. ఆయన నమ్మలేదు. చెయ్యి విడిపించుకుని చకచకా నడిచాడు. వంద అడుగులు, రెండొందలు. గోడ వస్తుందేమోనని చూసేవాడిలా మొదట్లో భుజాలు బిగించుకుని నడిచాడు. తర్వాత భుజాలు జారాయి. చేతులు ఊపుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. మా బాపు చేతులు ఊపుకుంటూ నడవగా నేను చూడటం అదే మొదలు.

కొంత దూరం పోయాక పూత మీద ఉన్న ఒక పెద్ద మామిడి కింద ఆగి, రెండు చెవులూ అరచేతులతో మూసుకున్నాడు. తీశాడు. మళ్లీ మూశాడు. చెవుల్లో ఎప్పుడూ ఉండే మోత ఇక్కడిదాకా వెంబడి వచ్చిందని దిగులుగా చెప్పాడు. నేను తలెత్తి చూశాను. చెట్టు నిండా తేనెటీగలు. వేలల్లో ఉన్నాయి. పూతంతా కదులుతోంది, ఆ చప్పుడు నా ఛాతీలో తెలుస్తోంది. ఆ మోత నీ చెవులది కాదు, చెట్టుది అని వేలితో చూపించాను.

ఆయన వెనక్కి వెనక్కి నడిచాడు. మోత తగ్గింది. దగ్గరికి వచ్చాడు. పెరిగింది. మళ్లీ పోయాడు, మళ్లీ వచ్చాడు. మూడుసార్లు చేశాడు. తర్వాత చెట్టు మొదట్లో చెయ్యి ఆనించి నోరు తెరుచుకుని పైకి చూస్తూ ఉండిపోయాడు. యాభై నాలుగేళ్ల మనిషి. దేవుడి గుళ్లో కూడా ఆయన అలా నిలబడగా నేను చూడలేదు. నేనూ పైకి చూశాను. ఇంత చెట్టు, ఇన్ని రెక్కలు, ఒక్క పోగు తెగకుండా పని నడుస్తోంది, నడిపేవాడు ఎవడూ కనబడడు.

అక్కణ్ణుంచి ముందుకు సాగాం. ఒకచోట తోట కావలి ముసలాయన గంపలోంచి పండిన సపోటాలు తీసి ఇచ్చాడు. వెదురుగడకు కట్టిన చిక్కంతో కాయ ఎలా కోస్తారో కూడా చూపించాడు. ఒక కొమ్మ మీద చిటికెడంత పిట్ట కూస్తుంటే బాపు దాని ముక్కు వైపే చూశాడు, పెదాలు చదివినట్టు. ఆ సన్నటి కూత ఆయనకు అందలేదు. అది నాకు తెలిసింది, ఆయనకూ తెలిసింది. ముందుకు నడిచాడు.

గణదేవి ఇళ్లు దూరంగా కనబడేసరికి ఎండ ముదిరింది. బాపు మాకంటే ఏడెనిమిది అడుగులు ముందున్నాడు. అమ్మ తన రెండో గొంతు ఎప్పుడో అందుకుంది. చాలాసేపటి నుంచి గొణుగుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. ఇప్పుడు చెవి పెడితే, ఎప్పుడూ అనే మాటలు కావు అవి.

"రేపు ఆ డాక్టరమ్మ ఏమంటదో. ఈయన చెవులు పోతే నేనెవలకు చెప్పుకోవాలె. ఇన్నొద్దులు ఇనకున్నా ఈయనకే చెప్పుకున్న. ఇంకెవలున్నరు నాకు."

"చెప్పు. ఇంటున్న."

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియలేదు. తోటలో ఇంకెవరైనా ఉన్నారా అని చూశాను. బాపుదే. ఆయన వెనక్కి తిరగలేదు, అరవలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన మెల్లగా మాట్లాడగా నేను వినలేదు. మెత్తగా, కొంచెం బొంగురుగా, ఎవరో పరాయి మనిషి గొంతులా ఉంది.

అమ్మ ఉన్నచోటనే మట్టిలో కూలబడింది. ఎప్పటినుంచి వినబడుతోందని అడిగింది. ఆవిడా అరవలేదు. బాపు వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"తేనెటీగల చెట్టుకాడికెల్లి. మా అక్కను తిట్టినవి గుడ ఇన్న."

అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. సిగ్గేసి, వెళ్లి కంచె దగ్గర నిలబడ్డాను. వాళ్లిద్దరూ అలా ఎంతసేపు మాట్లాడుకున్నారో కూడా నాకు తెలియదు. ఏం మాట్లాడుకున్నారో అసలే తెలియదు, అంత మెల్లగా మాట్లాడుకున్నారు. వీపుతో ఏం మాట అని ఇన్నాళ్లూ విసుక్కున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

మరునాడు పరీక్ష అయ్యాక డాక్టరు గీతల కాగితం మా ముందు పెట్టింది. కాగితం మీద కుడివైపుకు పోయేకొద్దీ గీత పూర్తిగా కిందికి పడిపోయింది. అవి పిట్టల కూతల వంటి సన్నటి శబ్దాలు, ఇక రావు అంది. కాగితానికి ఎడమవైపు, మంద్ర శబ్దాల దగ్గర, కొంత మిగిలింది. కార్ఖానా మోతలోనే ఉంటే అది కూడా రెండు మూడేళ్లలో పోతుందని చెప్పింది. నేను సైగలు చేయబోతే బాపు నా చెయ్యి పట్టి ఆపాడు. మెల్లగానే చెప్పమన్నాడు. చెప్పాను.

ఆయన కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు.

"మీ అమ్మ గొంతు ఇండ్ల ఏడున్నదో అడుగు" అన్నాడు.

డాక్టరు అమ్మను రెండు మాటలు మాట్లాడమంది. విని, ఎడమవైపు మిగిలిన భాగం మీద వేలు పెట్టి, ఎక్కువభాగం ఇక్కడే అంది. బాపు తన వేలు తెచ్చి సరిగ్గా ఆ చోటే పెట్టాడు. పోగులు అతికించీ అతికించీ కాయలు కాచిన వేలు అది. తీయలేదు. డాక్టరు తర్వాతి మనిషిని పిలిచేదాకా అలాగే ఉంచి, అప్పుడు అమ్మవైపు తిరిగాడు.

"బట్ట మడతపెట్టే పని అడుగుత సేఠ్‌ను. ఆ సాంచాల సందులకు ఇగ పోను."