డబ్బాలో దొరికిన ఎరువు

నా చిన్నప్పుడు, నాలుగో క్లాసు చదివే రోజుల్లో, మేము పెర్త్‌కి మూడు గంటల దూరంలో గోధుమ పండే ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఆ ఊరు మొత్తానికి తెలుగు మాట వినబడేది మా ఇంట్లోనే. ఆ చలికాలం తెనాలి దగ్గర నుంచి మా తాతయ్య వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నాడు.

మా బడిలో పిల్లలందరికీ తలా మంచమంత గోధుమ మడి ఇచ్చారు, ఒక గ్లాసు యూరియాతో. అది అయిపోతే మళ్లీ ఇవ్వరు. బాగా పెరిగిన మడుల కంకుల కట్టలు ఊరి షోలో, అంటే ఏటా జరిగే పంటల ప్రదర్శనలో పెట్టి, గెలిచినవాళ్ల పేర్లు మైకులో పిలుస్తారు. నా ప్రాణమంతా ఆ మైకు మీదే. బడిలో నా పేరు సరిగా పలికినవాళ్లే లేరు, ఒక్కసారైనా ఊరంతా వినాలని నా కోరిక.

ఆ దేశంలో చలికాలం వచ్చేది జులైలోనే. అప్పుడు నా మడి ఆకులు పసుపు తిరిగాయి. పక్కింటి అంకుల్ పెద్ద గోధుమ రైతు. మా గోల కంచె అవతల నుంచి విని, "వెయిట్ ఫర్ ద రెయిన్, మేట్" అన్నాడు. వాన వచ్చేదాకా ఆగమంటున్నాడని నేను తెలుగులో చెప్పగానే తాతయ్యకి ఒళ్లు మండింది. "నలభై ఏళ్లు మాగాణి చేసినవాడికి యూరియా చల్లడం నేర్పుతాడటే!" అన్నాడు. కాలవ నీళ్ల సేద్యం చేసిన మనిషి, వాన కోసం ఎరువు ఆపడం ఆయన ఎరగడు. మంచుకి నేల తడిగానే ఉందిగా అని మర్నాడు పొద్దున్నే నాచేత సగం గ్లాసు చల్లించాడు. వరికి రెండు దఫాలుగా వేసే అలవాటు కొద్దీ మిగతా సగం దాచమన్నాడు.

పది రోజులు ఒకటే ఎండ. మడి పచ్చబడలేదు. నేను ఏడ్చి ఇల్లు పీకి పందిరేశాను. తాతయ్య బిస్కెట్ల డబ్బాలో తడిమట్టి పోసి, చిటికెడు యూరియా వేసి, మూత బిగించి పొయ్యి పక్కన పెట్టాడు. మూడో రోజు నన్ను పిలిచి మూత తీశాడు. అబ్బో, ఆ ఘాటు! కళ్లు మండి నీళ్లు కారాయి.

"ఇదిగోనే నీ ఎరువు. వేరుకి అందకుండా ఇలా ఘాటుగా మారి గాలికి పోయింది. తప్పు నాదే," అన్నాడు.

అంతటితో ఊరుకోలేదు, నా చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్లాడు. "మా తాతయ్యకి ఇక్కడి సేద్యం తెలియదు, నేర్పండి అని చెప్పు," అన్నాడు. మా తాతయ్యకి తెలియనిదా? ఇంకేదో మార్చి చెప్పబోయాను. నా మొహం చూసి, "ఉన్నదున్నట్టు చెప్పవే," అన్నాడు, తలెత్తి అంకుల్ కళ్లలోకి చూస్తూ. చెప్పాను.

అంకుల్ నవ్వలేదు. తనూ ఒక ఏడు పొలమంతా అలాగే పోగొట్టుకున్నానన్నాడు. అమ్మోనియం సల్ఫేట్ అనే ఎరువయితే అంత తొందరగా ఎగిరిపోదట. యూరియాని మాత్రం వాన వచ్చే ముందు చల్లితే, ఆ నీళ్లతో మట్టిలోకి దిగుతుందని టీ ఇచ్చి మరీ వివరించాడు. సగం దాచడం మంచి పనని తాతయ్యని మెచ్చుకున్నాడు కూడా. ఆ మాట మాత్రం నేను గట్టిగా తెలుగులో చెప్పాను.

మరుసటి వారం మబ్బు పట్టింది. ఇద్దరం బడికి పరుగెత్తాం. చల్లడం అయ్యిందో లేదో వాన అందుకుంది. తడిసి ముద్దయి ఇంటికి వచ్చి అమ్మచేత ఇద్దరం తిట్లు తిన్నాం. తాతయ్య ముసిముసిగా నవ్వుతూనే ఉన్నాడు.

షోలో నాకు మూడో బహుమతి. మైకులో నా పేరు పిలిచారు, అదీ తప్పుగానే! అయినా తాతయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నాకింకేం కావాలి?

ఇప్పుడు నేను పెర్త్ శివార్లలోని కానింగ్ వేల్‌లో ఉంటున్నాను. ఆసుపత్రుల్లో మన పెద్దవాళ్ల మాటలు డాక్టర్లకి ఇంగ్లీషులో చెప్పడం నా ఉద్యోగం. "ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నానో తెలీదని చెప్పకమ్మా, పరువు పోతుంది," అని చెవిలో బతిమాలే తాతయ్యలు ఎంతమందో. వాళ్ల చెయ్యి నా చేతిలోకి తీసుకుని, ఉన్నదున్నట్టే చెబుతాను. తలెత్తి చెబుతాను.