తాతయ్య పేనిన జడ

మా కోడలికి విజయవాడ ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. ఇంటికి ఎప్పుడు పంపుతారో డాక్టర్లు ఇంకా చెప్పలేదు. అబ్బాయి అక్కడే ఉన్నాడు. ఏడేళ్ల మనవరాలు నందిగామలో మా దగ్గరుంది.

పొద్దున జడ వేయబోతే, "నువ్వు గట్టిగా లాగుతావు నానమ్మా, తాతయ్య వేస్తాడు" అని పారిపోయింది. ఆయనకు వచ్చింది పలుపుతాడు పేనడమే. జుట్టును రెండు పాయలు చేసి, గేదెకు పేనినట్టే పేని కొసన ముడేశారు.

సాయంత్రం బడి నుంచి రాగానే పిలిచాను. "ఇటు రా, ఆ తాడు విప్పి శుభ్రంగా జడ వేస్తా."

"వద్దు. అమ్మకి చూపించాలి. అమ్మే విప్పాలి."

"అప్పటిదాకా ఉంచితే చిక్కు పడిపోద్దే!"

"అయితే అమ్మని తొందరగా రమ్మను."

ఇక విప్పడానికి నాకు చేతులు రాలేదు. జడ విప్పకుండా తలంటే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.