రిజిస్టర్‌లో లేని పేరు

మొన్న సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర నూడుల్స్ బండి పక్కనుంచి నడుస్తుంటే, వేడి పెనం మీద వెనిగర్ చల్లిన వాసన గుప్పున తగిలింది. బండి చుట్టూ ఉన్న ఆడపిల్లలకు నోరూరింది కాబోలు. నాకు మాత్రం నాచారంలోని ఒక ఇరుకు గది, ఆకుపచ్చ కర్టెన్, దాని వెనక ఎవరిదో చెయ్యి పట్టుకుని కూర్చున్న యాదమ్మ కళ్ళ ముందుకొచ్చాయి. ఆమె గుర్తొస్తే ఇప్పటికీ నాలో ముందు లేచేది అసూయే. గౌరవం ఆ తర్వాత, కాస్త ఆలస్యంగా వస్తుంది.

నాచారం ఫ్యాక్టరీల పక్కన ఒక ట్రస్టు నడిపే చిన్న క్లినిక్‌లో నేను నర్సుగా చేరేనాటికి తెలంగాణ ఇంకా రాలేదు. మాది గుడివాడ పక్క. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ని ముందే పట్టుకునే పరీక్షలో శిక్షణ తీసుకుని మరీ వచ్చాను. పలచటి వెనిగర్‌లో ముంచిన దూదిని లోపల అద్ది ఒక్క నిమిషం ఆగితే, చెడిపోబోయే చోటు తెల్లబడుతుంది. అప్పుడే దొరికితే చల్లటి గ్యాసుతో దాన్ని అక్కడికక్కడే మాడ్చేసి, అదే రోజు ఇంటికి పంపెయ్యొచ్చు. ఆడవాళ్ళందరికీ క్రమం తప్పకుండా పరీక్ష చేసే దేశాల్లో ఈ జబ్బు బాగా తగ్గిపోయిందనీ, మన దగ్గరా మెల్లగా తగ్గుతోంది గానీ వచ్చేవాళ్ళు ముదిరాకే వస్తున్నారనీ మా డాక్టర్ మేడమ్ చెప్పేవారు. ఇదంతా చదువుకున్న నేను పిలిస్తే ఒక్కరూ వచ్చేవారు కాదు. ఆయా పని చేసే యాదమ్మ పిలిస్తే వరసకట్టి వచ్చేవారు.

యాదమ్మ నాకన్నా పదేళ్ళు పెద్ద. భువనగిరి వైపు నుంచి వచ్చి, మందుల ఫ్యాక్టరీలో చాలాకాలం ప్యాకింగ్ చేసిన మనిషి. షిఫ్టు మారే వేళకి ఏదో ఒక గేటు దగ్గర నిలబడేది. క్యాన్సర్ అన్న మాట నోటెంట రానిచ్చేది కాదు. "నేను గూడ జేపిచ్చుకున్న. నొప్పి లేదు, ఏం లేదు. జర సల్లగ తగుల్తది, గంతే. ఫికర్ జెయ్యకు, నీ పక్కన్నే కూసుంట" అనేది. ఆ 'నేను గూడ' అన్న మాటకే వాళ్ళు లొంగిపోయేవారు. నేను గోడకి తగిలించిన రంగుల పటాల వైపు ఎవరూ చూసేవారు కాదు.

ఒకసారి పంతం పట్టి, ఆమెకు చెప్పకుండా కరపత్రాలు తీసుకుని నేనే గేటు దగ్గరికి వెళ్ళాను. ఒకామె కరపత్రం మడిచి టిఫిన్ డబ్బా కింద పెట్టుకుంటూ, "యాదమ్మక్క రాలేదా?" అంది.

"రాలేదు. నేనొచ్చాను కదమ్మా."

"అయితే అక్క వొచ్చినప్పుడే వొస్తం తియ్యి."

ఆ రోజు తార్నాక దాకా బస్సులో నిలబడే వెళ్ళాను, ఒళ్ళు మండిపోతూ. నా చదువుకు, నా తెల్ల కోటుకు రాని విలువ ఆమె నోటి మాటకు ఎందుకు రావాలి? నిజం చెప్పొద్దూ, ఆమెను చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

నాలుగేళ్ళు గడిచేసరికి మా రిజిస్టర్ తీరే మారిపోయింది. మొదట్లో వచ్చిన కొద్దిమందిలో చాలామంది రక్తస్రావంతో, వాసనతో, పెద్దాసుపత్రికి రాసిచ్చేయాల్సిన స్థితిలో వచ్చేవారు. ఇప్పుడు ఏ బాధా లేకుండా వచ్చి, తెల్ల మచ్చ దశలోనే దొరుకుతున్నారు. మేడమ్ అది చూసి ఎంతో సంతోషించి, "ఇదంతా యాదమ్మ చలవే" అన్నారు. ఆ రిజిస్టర్‌లో ప్రతి అక్షరం నేను రాసినదే.

దసరాకు ముందు, మొదట్లో పరీక్ష చేయించుకున్నవాళ్ళని మళ్ళీ పిలవడానికి జాబితా తయారుచేస్తూ యాదమ్మ పేరు కోసం వెతికాను. లేదు. మొదటి పేజీ నుంచి రెండుసార్లు చూశాను. ఎక్కడా లేదు. 'నేను గూడ జేపిచ్చుకున్న' అన్నది పచ్చి అబద్ధం.

నాకు భయం వెయ్యాలి. ఒక మనిషికి పరీక్ష జరగలేదని తెలిస్తే నర్సు చెయ్యాల్సింది ఆ మనిషిని పిలవడం. నాకు మాత్రం పట్టరాని సంతోషమేసింది. ఆ సంతోషాన్ని ఆరు నెలలు దాచుకున్నాను, తగిన సమయం కోసం.

మార్చిలో మేడమ్ నలభైమంది ఆడవాళ్ళ ముందు యాదమ్మకు శాలువా కప్పారు. చప్పట్లు ఆగాక నేను లేచి, "యాదమ్మ అందరికీ చేయించింది గానీ, తను ఒక్కసారీ చేయించుకోలేదు మేడమ్. రిజిస్టర్‌లో పేరే లేదు" అన్నాను.

యాదమ్మ శాలువా తీసి మడతపెట్టింది. "నిజమే మేడం. అబద్ధం జెప్పిన. మా అమ్మ గీ రోగంతోనే పోయింది. నాకు గూడ గదే అంటరేమోనని భయమైంది" అని, తనే నడిచి వెళ్ళి కర్టెన్ వెనక పడుకుంది. లైటు పట్టిందీ, దూది అద్దిందీ నేనే. నిమిషం కూడా పట్టలేదు.

"తెల్లగైందా సిస్టర్?"

"అయింది."

"నా పేరు లేదని నీకు ఎప్పుడు తెల్సింది?"

"దసరా ముందు."

"గప్పుడే జెప్పకపోతివి" అంది. చీర సర్దుకుని లేచింది.

ముక్క తీసి పరీక్షకు పంపితే, గ్యాసుతో పోయే దశ దాటిపోయిందని వచ్చింది. ఆపరేషన్ చేశారు. తర్వాత, జనం 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్ ఇచ్చారు. ఆరు నెలల ముందైతే ఇంత అవసరమయ్యేదా అని మేడమ్‌ని అడిగాను. ఏళ్ళ తరబడి పెరిగే జబ్బు, చెప్పలేం అన్నారామె. ఆ 'చెప్పలేం' పట్టుకునే ఇన్నేళ్ళూ నిద్రపోతున్నాను.

యాదమ్మ బతికింది. జుట్టు నెరిసి, సగమై, మళ్ళీ గేటు దగ్గర నిలబడింది. "భయపడి అబద్ధమాడిన. మా సిస్టర్ రిజిస్టర్ల సూసి పట్టుకున్నది. ఆమె లేకుంటే నేను బతికేదాన్ని గాదు. పోయి ఆమెతోని జేపిచ్చుకోండ్రి" అని చెప్పేదట. అప్పటి నుంచి ఆడవాళ్ళు క్లినిక్‌కి వచ్చి సిస్టర్ ఉందా అని అడగసాగారు. ఏళ్ళ తరబడి నేను కోరుకున్నది అలా దక్కింది నాకు.

తెలంగాణ వచ్చిన ఏడాది ఆమె పని మానేసి దమ్మాయిగూడలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు, ఎవరిదైనా పేరు లేదని తెలిస్తే ఆ పూటే చెప్పండి, సాయంత్రం దాకా కూడా ఆగొద్దు అంటాను. ఎందుకని వాళ్ళు అడుగుతారు. యాదమ్మ గురించి అంతా చెబుతాను, ఆ ఆరు నెలలు తప్ప.

ఆ ఆరు నెలల సంగతి ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. కూతురికి కూడా. ఆమె స్థానంలో నేనుంటే ఊరంతా చాటేదాన్ని. అది తెలుసు కనకే ఆమె అంటే నాకు ఈ రోజుకీ కుళ్ళు.