రొయ్యల ముందు ఆకు కడిగిన వైను

గోవాలో ఒక పెద్ద హోటలు వంటింట్లో పనిచేసి గిద్దలూరు తిరిగొచ్చిన ఆ రోజుల్లో, మా ఊరివాళ్ళకు తిండి తినడం నేనే నేర్పాలని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఆ వయసులో ఇలాంటి నమ్మకాలు ఊరికే దొరుకుతాయి.) మా వైపు చేపంటే కంభం చెరువు చేప, వంటంటే దాని పులుసు. అంతకుమించి ఎవరికీ బెంగ లేదు. సరిగ్గా అప్పుడే నా పెళ్ళిమాట కదిలింది. అర్ధవీడు నుంచి పిల్ల తండ్రి మా ఇల్లు చూసుకోవడానికి వస్తానన్నాడు. పిల్ల ఫోటో చూసినప్పటి నుంచి నాకు నిద్రలేదు. కానీ ఆయన మధ్యవర్తితో, "వంటచేసే మగోనికి పిల్లనెట్ల ఇచ్చేది?" అన్నాడట. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. నా పనేమిటో ఆయన నాలుకకే చూపిస్తానని పంతం పట్టాను.

ఐసు పెట్టెలో ఒంగోలు నుంచి రొయ్యలు తెప్పించాను. మధ్యధరా సముద్రం ఒడ్డు దేశాలవాళ్ళు చేసే తీరులో, ఆలివ్ నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి వేయించి, రొయ్యలు అలా తిప్పి, నిమ్మకాయ పిండాలని నా ఆలోచన. భోజనానికి ముందు మనిషికి నాలుగే, తోడుగా చల్లటి తెల్ల వైను. వైను గోవా నుంచి చొక్కాల మధ్య చుట్టి తెచ్చిందే. (మా ఊరి వైన్ షాపులో వైను అడిగితే, ఉన్నవన్నీ చూపించి అది తప్ప ఏదైనా ఇస్తామన్నారు.) ఆలివ్ నూనె ఒక్క మందుల షాపులోనే దొరికింది. ఆ సీసా చూసి అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"ఓరి దేవుడా! పసిబిడ్డలకు రుద్దే నూనెరా అది! ఇంటికొచ్చిన మనిషికి దాంట్లో వండి పెడతావా?"

తినే నూనేనని సీసా మీదున్నది చదివి వినిపించినా ఆమె నమ్మలేదు.

పిల్ల తండ్రి వచ్చి, నాయన పక్కన అరిటాకు ముందు కూర్చున్నాడు. మా హోటలు పద్ధతిలో ముందు వైను పోసిన గ్లాసులే పెట్టాను. ఇంట్లో ఉన్నవి స్టీలు గ్లాసులు. రొయ్యలు పట్టుకొచ్చి, గ్లాసుల్లో ఏముందో గొప్పగా చెబుదామని వంటింట్లోంచి అడుగు బయట పెట్టానో లేదో, కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆయన గ్లాసు ఎత్తి వైనంతా ఆకు మీద చల్లి, అరచేత్తో శుభ్రంగా తుడిచి కింద జార్చేశాడు. అందరం తినేముందు ఆకు నీళ్ళతో అలాగే కడుగుతాం గదా! ఆయన్ను చూసి నాయన కూడా అదే పని చేశాడు. అంత భద్రంగా మోసుకొచ్చిన వైను చాప కింద పారుతుంటే పళ్ళెం పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

ఆయన చెయ్యి వాసన చూసుకున్నాడు.

"అక్కా, ఏమనుకోవద్దు. నీళ్ళు పులిసినట్టుండాయి. బిందె తోమించు."

అమ్మ ముఖం తెల్లబోయింది. ఆమె బిందెకు అంతటి మాట ఎప్పుడూ పడలేదు. నేను నిజం చెప్పబోయేంతలో ఆయనే అందుకున్నాడు.

"నేను పెద్దగా ఏమీ చూడను బావా. మా అన్న తాగుడుతోనే పోయినాడు. మందు చుక్క ఉండే ఇంటికి మాత్రం పిల్లనీను."

తెరిచిన నోరు అలాగే మూసుకుని రొయ్యలు వడ్డించాను. ఆయన నాలుగూ ఒక్క గుటకలో మింగి, "అన్నమేదీ?" అన్నాడు. అన్నం పెట్టాక మిగిలిన వెల్లుల్లి నూనె అంతా కలుపుకుని, ఆకు మెరిసేదాకా తిన్నాడు.

"పిల్లోని చెయ్యి మంచిది. నీళ్ళొక్కటి చూసుకోండి."

ఆ పిల్లే ఇప్పుడు నా భార్య. మామ వస్తున్నాడని ఫోనొస్తే చాలు, అమ్మ ఈనాటికీ చింతపండు పెట్టి బిందె తళతళా తోముతుంది. తోముతున్నంతసేపూ ఆయన్ని తిడుతుంది. నేను రొయ్యలు చేస్తాను, పసిపిల్లల నూనెలోనే. ఆయన ముందు గ్లాసు పెట్టేటప్పుడు మాత్రం, అందులో ఉన్నవి నీళ్ళేనని తెలిసి కూడా, ఒకసారి వాసన చూసి గానీ పెట్టను.