కొంపాద్రే తట్టిన తలుపు

బ్రాంక్స్‌లో ఆ మేడ కట్టినప్పుడు నగరపాలిక దాని యజమానికి పన్ను మాఫీ చేసి, అద్దెలు ఇష్టమొచ్చినట్టు పెంచకూడదని షరతు పెట్టింది. మాఫీ అంతా హాయిగా మింగి, దాని గడువు తీరగానే షరతు కూడా తీరిపోయిందన్నాడా పెద్దమనిషి. అందులో అద్దెకుండే ఎదువిహిస్ పనియాగువా ఊరుకోలేదు. ఆ ముక్క ఒప్పందంలో ముందే చెప్పలేదు కాబట్టి, ఆ ఇంట్లో ఉన్నంతకాలం ఆమెకు పాత రక్షణే ఉంటుందని కోర్టులో తేల్చుకుని వచ్చింది. ఉన్నంతకాలం! ఇక ఆమెను ఉండనివ్వకపోవడమే యజమాని మనుషుల పనైంది.

పై వాటా పగలగొట్టి ఆమె మంచం మీదికి నీళ్ళు వదిలారు. చలికాలంలో గ్యాస్ ఆపేశారు. మెట్ల మీద ఎవడో తోస్తే పన్ను ఊడింది. ఆసుపత్రిలో నేలలు తుడిచి ఒంటిచేత్తో కొడుకును పెంచిన డొమినికన్ మనిషి. రక్తం ఉమ్మేసి తలుపుకు ఇంకో గొళ్ళెం బిగించింది. ఫెర్మీన్‌కు తప్ప ఎవరికీ తీసేది కాదు. మేడలోనే ఓ గదిలో ఉంటూ మరమ్మతులు చూసే ఫెర్మీన్, ఆమె కొడుకు బాప్తిస్మంలో తండ్రి స్థానంలో నిలబడిన జ్ఞానపిత, అంటే ఆమెకు కొంపాద్రే; అతనికి ఆమె కొమాద్రే. వాళ్ళలో అది రక్తసంబంధం కన్నా గట్టి వరస. కొంపాద్రేను గుమ్మం బయట నిలబెట్టడం మహాపాపం.

ఆదివారం పొద్దున వెల్లుల్లి దంచుతుంటే తలుపు చప్పుడైంది.

"కొమాద్రే, నేనే! గ్యాస్ బాగుచేస్తా, తియ్యి."

"ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా, దొంగమొహమా!" అని నవ్వుతూ గొళ్ళేలు తీసింది.

అతని వెనక నుంచి ఇద్దరు సమ్మెటలతో దూసుకొచ్చారు. పొయ్యి పగిలింది, కుళాయి విరిగింది, గోడ కూలింది. ఒకడు ఆమెను జుట్టు పట్టి ఈడ్చాడు. నేల మీద నుంచి చూస్తే, ఫెర్మీన్ తల దించుకుని తలుపు బందులు ఊడదీస్తున్నాడు.

అది చూసి ఆమెకు ఒళ్ళు తెలియలేదు. దంచే బండ ఎత్తి జుట్టు పట్టినవాడి మోకాలు చితక్కొట్టింది. తర్వాత ఫెర్మీన్ చెయ్యి గుమ్మానికి ఆనించి ఎముక విరిగేదాకా మోదింది. కేకలకు ఇరుగుపొరుగు ఎగబడితే సమ్మెటలవాళ్ళు పారిపోయారు.

మర్నాడు తలుపు లేని గుమ్మాన్ని ఎవరో తట్టారు. కట్టుకట్టిన చెయ్యి, భుజాన సంచీ.

"కొమాద్రే, పని చెడగొట్టానని నా గదికి తాళం వేశారు. ఈ ఒక్క రాత్రి..."

ఆమె బండ అందుకుంది.

"ఏళ్ళ తరబడి ఉన్నావుగా ఆ గదిలో? కోర్టు చెప్పకుండా నిన్ను గెంటకూడదు. వెళ్ళి పోలీసుల్ని పిలు, తాళం తీయిస్తారు. అర్థమైందా?"

"అయింది, కొమాద్రే."

"గడప లోపల కాలు పెడితే మాత్రం రెండో చెయ్యి కూడా విరుస్తా."