ఇరవయ్యో అర్థం

మా ముత్తాత అయిదు ఊళ్ల శిస్తు వసూలు చేసే మాలీపటేల్. మా తాత వస్తున్నాడంటే తల్లాడ సంతలో దారి దానంతటదే విడిపోయేది. మా నాన్న కుర్చీలోంచి లేవకుండానే పంచాయతీలు తీర్చేవారు. నాకు ఇరవై రెండేళ్లున్న ఆ రోజుల్లో ఆ కుర్చీ ఒక్కటే మిగిలింది, దానికీ ఒక కాలు లేదు. అయినా వెన్ను వంచకుండా కూర్చోవడం మా ఇంటి విద్య. (మూడు కాళ్ల కుర్చీలో ఇంకోలా కూర్చోవడం కుదరదు కూడా.)

అలాంటి నేను ఖమ్మంలో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లో పనికి కుదరడానికి, తాతగారి వెండి పొన్నుకర్ర పట్టుకుని బస్సెక్కాను. ఉద్యోగం వచ్చేసిందని ఊరంతా ముందే చెప్పేశాను. తీరా వెళ్లాక డైరెక్టరు తాపీగా అన్నాడు: "ఇయ్యాల డెమో క్లాస్ చెప్పుండ్రి సార్. పది మంది చేరితే ఉద్యోగం మీది. లేకుంటే సాయంత్రం బస్సున్నది." ఆ బస్సులోంచి మా ఊళ్లో ఎలా దిగాలన్నదే నా బెంగ.

తరగతిలో ఇరవై మంది దాకా ఉన్నారు. ముందు బెంచీలో భద్రాచలం దారిలోని అడవి ఊరి అమ్మాయి. వాళ్లింట్లో తునికాకు ఏరి అమ్ముతారట. వెనక గోడకు ఆనుకుని, అత్తరు దుకాణం సాహెబు. నేను బోర్డు మీద 'రన్' అని రాసి, పొన్నుకర్రతో పొడిచి, "ఈ ఒక్క మాటకు ఇరవై అర్థాలు చెప్త" అన్నాను. (పది అన్నా సరిపోయేది. మా ఇంట్లో తక్కువ మాట ఎవరూ అనరు.)

మనిషి రన్ అయితే పరుగు, ముక్కు రన్ అయితే జలుబు. చీర రంగు దిగినా రన్నే, ఇంట్లో బియ్యం నిండుకున్నా రన్నే. (ఇది అనుభవం మీద చెప్పాను.) సాహెబు అడ్డుపడ్డాడు.

"దుకాణం గూడ రన్ అయితదా సార్?"

"అవ్. నడుపుడు అన్నట్టు."

"మరి నాది కూసున్నదేంది?"

నవ్వులు ఆగాక ఇంకో పద్నాలుగు చెప్పి చూస్తే, ముందు బెంచీ అమ్మాయి నోటుబుక్కులో నంబర్లు వేసుకుంటోంది. "పంతొమ్మిదే అయినయ్ సార్."

ఇంకొక్కటి గుర్తురాలేదు. డిక్షనరీ డైరెక్టరు బీరువాలో, బీరువా తాళం డైరెక్టరు జేబులో, డైరెక్టరు గుమ్మంలో. సాహెబు లేచి నిలబడి, "జల్దీ చెప్పుండ్రి సార్, దుకాణం తెరవాలె" అన్నాడు. ఆయన వెంట మరో నలుగురు లేవబోయారు.

కిటికీలోంచి చూశాను. కింద వీధిలో పెళ్లి ఊరేగింపు. డప్పుల వాళ్లు టీకొట్టు దగ్గర ఆగిపోయారు. అది తెలియని ఒక తలపాగా పెద్దమనిషి, మెడ నిక్కించుకుని ఒక్కడే ముందుకు పోతున్నాడు.

"ఇరవై!" అని కర్ర నేలకు కొట్టాను. "టు రన్ బిఫోర్ ద డ్రమ్. డప్పు ఆగిపోయినా ముందట నడుస్తనే ఉండేటోడు. లండన్ల పెద్దింటోళ్లు వాడే ఇడియం!" (లండన్ నేను చూడలేదు. ఆ ఇడియాన్ని లండనూ చూడలేదు.)

అమ్మాయి శ్రద్ధగా రాసుకుంది. పన్నెండు మంది చేరారు, సాహెబుతో సహా. "ఆఖరుది బాగున్నది సార్. మా బావమరిదికి సరిపోతది" అన్నాడాయన.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న ఎండాకాలం మా ఊళ్లో ఒక పెళ్లికి వెళ్లాం. ముందు వరసలో నాకు కుర్చీ వేయలేదని అరగంట నిలబడే ఉన్నాను. (అడగడం మా ఇంట లేదు.) భద్రాచలంలో హాస్టల్లో ఉండి చదివే మా అమ్మాయి, వాళ్లమ్మ చెవిలో చెప్పినట్టే చెబుతూ నాకు వినబడేలా అంది: "నాన్న రన్స్ బిఫోర్ ద డ్రమ్!"

"ఎవలు నేర్పిండ్రే?"

"మా ఇంగ్లిష్ మేడమ్. వాళ్లది భద్రాచలం దారిల అడవి ఊరు. ఖమ్మంల వాళ్ల సారు చెప్పిండంట. వెండి కర్ర పట్టుకొని పాఠం చెప్పేటోడంట నాన్నా!"

అలాంటి ఇడియం లేదంటే ఆ సారు అబద్ధాలకోరవుతాడు. ఉందంటే, అది ఎవరి గురించో ఒప్పుకోవాలి.

"ఉన్నది బిడ్డా. మంచి ఇడియం" అని, వెనక వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో వీపు ఆనించి కూర్చున్నాను. దానికి నాలుగు కాళ్లూ ఉన్నాయి.

పొన్నుకర్రను మా అమ్మాయి పుట్టకముందే, ఆ ఉద్యోగం వచ్చిన ఏడాదే ఖమ్మంలో అమ్మేశాం. వెండి ఊడదీసి తూచుకుని, కర్ర తిరిగిచ్చారు.